అద్దం ముందు మర్యాద

ఆఫీసు మెట్ల కింద, కాఫీ బండి బల్ల మీద నుంచి

వదినా,

బాగున్నావా అని రాయబోయి ఆగిపోయాను. పొద్దుటి నుంచి ఆ మాట ముక్కూ మొహం తెలియని ఎంతమందిని అడిగానో లెక్క లేదు. ఒక్కరూ బాగున్నామని చెప్పలేదు. నువ్వైనా చెప్పు.

కొత్త ఉద్యోగం సంగతి మా ఇంటావిడ చెప్పే ఉంటుంది. బస్టాండులో మా విచారణ కిటికీ మూసేసి, అక్కడ ఒక యంత్రాన్ని నిలబెట్టారు కదా. ఇన్నేళ్లూ ఏ బస్సు ఎప్పుడని అడిగినవాళ్లకి జవాబు చెప్పి బతికాను. ఇప్పుడు ఏమీ అడగనివాళ్లకి ఫోను చేసి బతుకుతున్నాను. "అయ్యా, మీ ఇల్లు అమ్ముతారా? పోనీ, ఫ్లాటు కొంటారా?" ఇదీ పని. అన్నం ముందు కూర్చున్నవాడు, ఆస్పత్రిలో ఉన్నవాడు, పెళ్లాంతో పోట్లాడుతున్నవాడు, అందరూ నా ఫోనే ఎత్తుతారు. తిడతారు. తిట్టడం న్యాయమే. నిన్న ఒకాయన నా పుట్టుక గురించి కొన్ని కొత్త సంగతులు చెప్పాడు. అమ్మ ఉంటే ఆశ్చర్యపోయేది.

తిట్లు ఫరవాలేదు, అద్దంతోనే చచ్చిపోతున్నాను. ప్రతి టేబులు మీదా ఒక చిన్న అద్దం పెట్టారు. నవ్వుతూ మాట్లాడితే ఆ నవ్వు అవతలివాళ్లకి గొంతులో తెలుస్తుందట. అందుకని మన మొహం మనమే చూసుకుంటూ, పళ్లు కనిపించేలా నవ్వుతూ మాట్లాడాలి. మా మేనేజరు వెనక నుంచి వచ్చి మన మాట వినడు, అద్దంలోకి తొంగి చూస్తాడు. ఆయనకి చిరునవ్వు సారు అని పేరు పెట్టుకున్నాం. నవ్వు నాలుగు విధాల చేటని పెద్దవాళ్లు ఊరికే అనలేదు. సాయంత్రానికి నా పళ్లు చూస్తే నాకే అసహ్యం వేస్తోంది.

అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఇదివరకులా ఫోను చెయ్యలేను, కోప్పడకు. పని అయ్యాక ఆ వస్తువుని మళ్లీ చెవికి ఆనించబుద్ధి కావడం లేదు.

మరిది


వంటింటి గడప మీద కూర్చుని, మధ్యాహ్నం పిల్లలు పడుకున్నాక

మరిదీ,

బాగున్నాను. మోకాలు ఒక్కటే నా మాట వినడం లేదు. మీ అన్న కట్టించిన ఈ ఇంటికి మెట్లు ఎందుకు అంత ఎత్తు పెట్టించాడో, ఆయన్ని అడగడానికి ఆయన లేడు.

నీకు అసహ్యం వేస్తోందని రాశావు. నాయనా, నేను రోజూ ఎనిమిదిమంది చంటివాళ్ల ముడ్లు కడుగుతున్నాను. వాళ్ల అమ్మలు పొద్దున్నే ఉద్యోగాలకి పోతూ నా ముందుగదిలో దించిపోతారు. ఒకడు కక్కుతాడు, రెండోవాడు ఆ కక్కినదాంట్లో చెయ్యి పెడతాడు. గుండుగాడు నిన్న నా చెప్పు నాకాడు. అసహ్యపడుతూ కూర్చుంటే పొద్దు గడవదు. నీకు మొదటినుంచీ సుకుమారం ఎక్కువ. గ్లాసు మీద వేలిముద్ర ఉంటే నీళ్లు తాగేవాడివి కాదు.

ఒక మాట చెబుతాను విను. ఆ కిటికీ దగ్గర ఎలా మాట్లాడేవాడివో అలాగే మాట్లాడు. నీ గొంతు వింటే వెళ్లిపోయిన బస్సు కూడా వెనక్కి వస్తుందనేవాడు మీ అన్న. బస్సు పోయిందని చెప్పినా నీకు దణ్ణం పెట్టి వెళ్లేవాళ్లు జనం. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. అద్దంలో పళ్లు చూసుకోకు, అవతల ఉన్నది మనిషని గుర్తుంచుకో, చాలు.

ఫోను చెయ్యనన్నావు. సరే. నువ్వు చెయ్యకపోతే నాకు ఫోను చేసేవాళ్లు ఎవరున్నారులే, పిల్లల అమ్మలు తప్ప. అదీ ఆలస్యమవుతుందని చెప్పడానికి.

వదిన


ఆఫీసులో, నా టేబులు మీద నుంచి

వదినా,

నీ నోట్లో పంచదార పొయ్యాలి. నువ్వు చెప్పినట్టే చేశాను, పారింది.

సారు ఇచ్చిన మాటలు పక్కన పెట్టేశాను. ఫోను ఎత్తగానే ముందు ఒకటే అడుగుతున్నాను: "ఇది మీకు మాట్లాడటానికి వీలైన వేళేనా అండి? కాదంటే పెట్టేస్తాను." నమ్ముతావా, ఇళ్లల్లో ఎవరూ వాళ్లని ఆ మాట అడిగినట్టు లేదు. పెట్టెయ్యమని చెప్పాల్సినవాళ్లు ఆగిపోతున్నారు. ఒకావిడ "ఫరవాలేదు బాబూ, పొయ్యి మీద పాలున్నాయి, దించి వస్తాను" అని వచ్చి మరీ మాట్లాడింది. వద్దన్నవాళ్లకి, "మిమ్మల్ని ఇబ్బంది పెట్టానండి, మీ పేరు కొట్టేస్తున్నాను, ఇక మా దగ్గరనుంచి ఫోను రాదు" అంటున్నాను. అని నిజంగానే కొట్టేస్తున్నాను. అలా పేరు మీద గీత గీస్తున్నప్పుడు ఒకరికి మేలు చేసినట్టుంటుంది.

అమ్మదలిచినవాళ్లు వాళ్లంతట వాళ్లే మళ్లీ చేస్తున్నారు. ఆఫీసులో అందరికన్నా నాకే ఎక్కువమంది దొరికారు. చిరునవ్వు సారు నన్ను నిలబెట్టి, "అబ్బబ్బ, ఏం మర్యాదండీ! వెన్నపూస!" అన్నాడు. మా ఫోనులన్నీ యంత్రంలో రికార్డవుతాయి. నావి తీసి అందరికీ వినిపించి నేర్పిస్తున్నారు. నా పక్క టేబులు మనిషి ఇదివరకు బట్టల కొట్లో పనిచేసేవాడు. నాకన్నా కొంచెం చిన్న, మంచివాడు, డబ్బాలో తెచ్చుకున్నది సగం నాకు పెడతాడు. అతను నా రికార్డులు విని, ఎక్కడ ఆగుతానో ఎక్కడ చిన్నగా దగ్గుతానో కూడా పట్టేశాడు. నేను రాని రోజున నా పని అతనే చెయ్యగలడు. ఒట్టు, గర్వంగా ఉంది.

మరిది


ముందుగదిలో, గుండుగాణ్ని ఒళ్లో వేసుకుని

మరిదీ,

సంతోషం. నీకు అన్నం సయిస్తోందని మీ ఇంటావిడ చెప్పింది. అక్షరాలు వంకరగా ఉంటే నా తప్పు కాదు, వీడు నా మోచెయ్యి లాగుతున్నాడు.

నీ పని చేసేవాళ్లు నాకూ ఫోను చేస్తారు తెలుసా? మొన్న ఎవరో ఇల్లు అమ్ముతారా అని అడిగారు. నీ మొహం గుర్తొచ్చి కసరలేకపోయాను. "లేదు బాబూ, అమ్మను, ఏమనుకోకు" అన్నాను. కొన్నాళ్లకి ఇంకొకాయన చేశాడు. ఈయన వేరు. ఇల్లు ఊసే ఎత్తలేదు ముందు. మాట్లాడే వేళేనా అని అడిగాడు, అచ్చం నీలాగే. మోకాలి గురించి అడిగితే చెప్పాను. మళ్లీ వారం చేసినప్పుడు నొప్పి తగ్గిందా అన్నాడు. గుర్తు పెట్టుకున్నాడు చూడు! ఈ రోజుల్లో ఎవరికి పట్టింది?

ఇంతకీ ఒకటి అడుగుతాను. నీకు తెలిసే ఉంటుంది. లిఫ్టు ఉన్న ఫ్లాట్లలో ఇలా చంటిపిల్లల్ని చూసుకోవడానికి ఒప్పుకుంటారా? పైవాళ్లూ కిందవాళ్లూ గొడవ చేస్తారా? ఊరికే అడుగుతున్నాను. తప్పకుండా రాయి.

వదిన


కాఫీ బండి దగ్గర

వదినా,

రాయకూడదనుకున్నాను. కానీ ఎవరికైనా చెప్పకపోతే నేనే కక్కేసేలా ఉన్నాను.

నిన్న ఒకావిడ నన్ను పట్టుకుని ఏడ్చింది. తిట్టలేదు, ఏడ్చింది. "మీరే కదా పేరు కొట్టేస్తానన్నారు? రోజూ ఎవరో ఒకరు చేస్తున్నారు. మా ఆయనకి ఒంట్లో బాగాలేదు. నేను ఎంత మర్యాదగా చెప్పాను మీకు!" అంది. పొరపాటు జరిగిందనుకుని సారు గదికి వెళ్లాను. ఆయన నన్ను కూర్చోబెట్టి కాఫీ తెప్పించాడు. నేను కొట్టేసిన పేర్లూ, మిగతా టేబుళ్లకి మర్యాదగా వద్దన్నవాళ్ల పేర్లూ అన్నీ విడిగా దాచాడట. వాటికి ఆయన పెట్టిన పేరేమిటో తెలుసా? మెత్తవాళ్లు. "కసిరి పెట్టేసినవాడితో మనకి పని లేదండీ. మర్యాదగా వద్దన్నాడంటే వాడికి గట్టిగా వద్దనడం రాదని అర్థం. నాలుగోసారికో అయిదోసారికో అవుననేస్తాడు. మీరు బంగారం పోగుచేసి పెడుతున్నారు, మీకే తెలీదు." అవి పక్క టేబుళ్లకి పంచాడు. మా బట్టల కొట్టాయన ఈ నెల మొదటివాడు. చాలావరకు నా గీతల కిందివాళ్లే.

వాళ్లు కారణం చెబితే ఇంకా మంచిదట. పిల్లలున్నారంటే పిల్లలకి ఒక జవాబు. కాళ్లనొప్పులంటే లిఫ్టు. ఒంటరిగా ఉన్నామంటే కాపలావాడు. ప్రతి కారణానికీ ఎదురుగా ఒక జవాబు అచ్చువేసి గోడకి అంటించారు. పైన పెద్ద అక్షరాలతో నా వాక్యమే: ఇది మీకు మాట్లాడటానికి వీలైన వేళేనా అండి?

ఛీ! నా మాటని ఎవరో నమిలి, గోడకి ఉమ్మినట్టుంది. అక్కడే కూర్చుని మళ్లీ అదే మాట నేనూ అంటున్నాను. అద్దంలో చూసుకుంటూ అంటున్నాను. మానేద్దామంటే ఈ వయసులో ఎవరిస్తారు పని? మా ఇంటావిడ మొహం చూస్తే నోరు రావడం లేదు. కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది నా సంగతి.

మరిది


ఇంటి నుంచి

మరిదీ,

నీ ఉత్తరం అందింది. అంత రోతగా ఉంటే లేచి వచ్చెయ్యి. లేవలేకపోతే రోత అనకు. రెండూ చేస్తానంటే వినేవాళ్లకి విసుగు.

నేనడిగినదానికి జవాబు రాయలేదు. ఫరవాలేదు. నీ గోలలో నువ్వున్నావు. నా మోకాలి సంగతి అడిగే ఆ ఫోనాయన కనుక్కుని చెప్పాడు, ఒప్పుకుంటారట.

ఒక పని మీద ఉన్నాను. అయ్యాక రాస్తాను.

వదిన


బజారులో, పోస్టాఫీసు బల్ల దగ్గర. అర్జెంటు కవరు.

వదినా,

ముందు ఇది చదువు. ఇల్లు అమ్మకు. ఏ కాగితం మీదా సంతకం పెట్టకు. ఆయనకి ఎవరు చెప్పారో గానీ, ఫ్లాట్లలో పిల్లల్ని చూసుకోవడానికి ఒప్పుకోరు. మా వాళ్ల కాగితాల్లోనే ఉంది, వెనక పేజీలో, చిన్న అక్షరాల్లో. ఆ ఇల్లు పోతే నీ ఎనిమిదిమందీ పోతారు, నీ తిండి పోతుంది.

నాకెలా తెలిసిందో రాస్తాను. సోమవారం సోమవారం మా ఆఫీసులో అందర్నీ కూర్చోబెట్టి ఆ వారం మంచి ఫోను ఒకటి వినిపిస్తారు. ఈసారి బట్టల కొట్టాయనది. మీట నొక్కారు. మొదట అతని గొంతు. నేనే మాట్లాడుతున్నానేమో అన్నట్టుంది. తర్వాత ఆడమనిషి నవ్వు వినిపించింది. వెనకాల పసివాడి ఏడుపు. "ఉండండి బాబూ, గుండుగాణ్ని ఎత్తుకుని వస్తాను" అన్నావు.

గది నిండా జనం, వదినా. అందరూ విన్నారు. మోకాలు, మెట్లు, అన్న పోయాక ఇల్లంతా పిల్లలున్నా సాయంత్రం వాళ్లు వెళ్లాక ఎలా ఉంటుందో, అన్నీ చెప్పావు. నాకెప్పుడూ రాయలేదు ఆ మాటలు. చివర్న, "మా మరిది కూడా అచ్చం మీలాగే మాట్లాడేవాడు బాబూ. ఇప్పుడు ఫోను చెయ్యడు. మీ మాట వింటుంటే వాడితో మాట్లాడినట్టే ఉంది" అన్నావు. అక్కడ సారు ఆపేశాడు. "చూశారా, ఇక్కడ! ఇక్కడ తలుపు తెరుచుకుంది" అన్నాడు. మళ్లీ వెనక్కి తిప్పి ఆ ముక్క ఇంకోసారి వినిపించాడు. ఎవరో కిసుక్కున నవ్వారు.

బయటికి వచ్చి నీకు ఫోను చేశాను. నువ్వు వేరే ఫోనులో ఉన్నావని వచ్చింది. లోపలికి తొంగి చూస్తే బట్టల కొట్టాయన అద్దంలో చూసుకుని నవ్వుతూ ఎవరితోనో మాట్లాడుతున్నాడు. మోకాలెలా ఉందండీ అంటున్నాడు.

వచ్చే వారం గురువారం సంతకాలని అతని కాగితంలో ఉంది. ఒక్క మాట చాలు: అమ్మను. కారణం మాత్రం చెప్పకు. ఏ కారణం చెప్పినా గోడ మీద జవాబుంది. కారణం లేనిదానికి మా దగ్గర జవాబు లేదు.

మరిది


ఇంటి నుంచి

మరిదీ,

కవరు అందింది. తర్వాత నువ్వు చేసిన ఫోనులు చూశాను. కావాలనే ఎత్తలేదు.

నా మాటలు గదినిండా జనం విన్నారన్నమాట. మొహమాటానికి పోతే ఏదో అయిందని ఒక సామెత ఉంది, మరిదికి రాయకూడదు. నాకు సరిగ్గా అదే అయింది. నీ ఉత్తరం చదివి చెయ్యి కడుక్కున్నాను, ఆ ఫోను కూడా తడిగుడ్డతో తుడిచాను. పిల్లలు కక్కితే నాకెప్పుడూ ఇంత కంపరం పుట్టలేదు.

అన్నీ రాశావు. సారు ఏమన్నాడో రాశావు. ఎవరో నవ్వారని రాశావు. ఒక్కటి రాయలేదు. నా గొంతు వినిపించి ఆపేశాక నువ్వేం చేశావు? లేచావా? అది మా వదిన అన్నావా?

గురువారం ఇంకా రాలేదు. నీ జవాబు చూశాక నా పని నేను చూసుకుంటాను.

వదిన


మా ఇంట్లో, వంటగదిలో నుంచి

వదినా,

చప్పట్లు కొట్టాను.

సారు బాగుందంటే అందరూ చప్పట్లు కొట్టారు. నా చేతులూ కొట్టాయి. బట్టల కొట్టాయన నావైపు చూసి దణ్ణం పెట్టాడు, అంతా మీ దగ్గర నేర్చుకున్నదే అని. నేను తల ఊపాను. అద్దం లేదు అప్పుడు నా ముందు, అయినా నవ్వుతున్నానని నాకు తెలుసు. అంతా అయ్యాకే బయటికి వచ్చి నీకు ఫోను చేశాను.

నీ ఉత్తరం వచ్చాక వెళ్లి అతనికి చెప్పాను, ఆవిడ మా వదినని. సిగ్గుపడతాడనుకున్నాను. నా భుజం మీద చెయ్యి వేసి, "అయ్యో, ముందే చెప్పకపోయారా అన్నగారూ! కమీషను ఇద్దరం చెరిసగం తీసుకునేవాళ్లం" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. అయినవాడిలా అన్నాడు. అప్పుడు నిజంగానే వాంతి చేసుకున్నాను వదినా, నా టేబులు పక్క చెత్తబుట్టలో. ఎవరో నీళ్లిచ్చారు. సారు వచ్చి, "ఒంట్లో బాగాలేకపోతే ఇంటికెళ్లండి, రేపు రండి" అని ఎంతో మర్యాదగా చెప్పాడు.

రేపు వెళ్లను. ఇక ఎప్పుడూ వెళ్లను. మా ఇంటావిడకి అంతా చెప్పాను. తను అంతా విని, లేచి నా కంచం కడిగేసింది. నీకు ఫోను చెయ్యాలని ఉంది, చెయ్యడానికి మొహం లేదు. నన్ను క్షమించు.

మరిది


ముందుగదిలో నుంచి, గురువారం సాయంత్రం

మరిదీ,

ఇల్లు అమ్మలేదు.

పొద్దున ఆయన ఫోను చేశాడు. కారు పంపుతాను, వచ్చి సంతకం పెట్టండి అన్నాడు. అమ్మను అన్నాను. చెప్పడానికి ఎంత కష్టమైందో నీకు చెప్పలేను. నోటి చివర 'ఏమనుకోకు బాబూ' వచ్చి కూర్చుంది. దాన్ని మింగేశాను. ఎందుకండీ అని అడిగాడు. మాట్లాడలేదు. మోకాలి గురించి అడిగాడు. మాట్లాడలేదు. పిల్లల విషయం ఏదైనా సందేహముందా అన్నాడు. నా నోట్లో పది కారణాలు తిరుగుతున్నాయి, పళ్లు బిగించి కూర్చున్నాను. గుండుగాడు నోట్లో పెట్టిన అరటిపండు నచ్చక నా చీర మీద ఉమ్మాడు. వీడికి ఎంత సులువో అనిపించింది.

చివరికి ఆయన నీ గొంతుతోనే, "మిమ్మల్ని ఇబ్బంది పెట్టానండి, మీ పేరు కొట్టేస్తున్నాను" అన్నాడు. "కొట్టెయ్యకు నాయనా" అన్నాను. "మీరెవరూ కొట్టెయ్యరని నాకు తెలుసు. రోజూ చెయ్యి. రోజూ వద్దంటాను. నాకు అలవాటు కావాలి." పెట్టేశాడు. ముందు పెట్టింది ఆయనే, నేను కాదు.

ఇక నీ సంగతి. పని మానేశావు గనుక తిండికి ఇబ్బంది పడకండి, ఇద్దరూ వచ్చెయ్యండి. పై వాటా ఖాళీగానే ఉంది. పిల్లల పనికి నాకు ఇంకో రెండు చేతులు కావాలి, కడిగే పనులతో సహా, ముందే చెబుతున్నాను. వస్తే అన్నం పెడతాను. క్షమించమని రాశావు. క్షమించను. ఎందుకని అడగకు, చెప్పను.

వదిన